చందా బుక్కు నుంచి గ్రాంటు దాకా

(సంఘం వార్షిక జల్సాలో చేసిన ప్రసంగ పాఠము. ఆనాడు నోటితో చెప్పినదానికి కొన్ని లెక్కలు చేర్చి, సంచిక కొరకు రాసి యిచ్చాము.)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాళ్లము. అయినా ఈరోజు తెలుగులో మాట్లాడుతున్నాము. దానికి రెండు కారణాలున్నవి. ఒకటి, మన జల్సాకు వచ్చిన ఇరుగుపొరుగు మిత్రులందరికీ అర్థం కావాలె. రెండవది చెప్పడానికి కొంచెం బాధగా వున్నది. మన సంచిక ఇంటికి తీసుకపోతే చదివేది మన పిల్లలు. వాళ్లలో సగానికన్న ఎక్కువమందికి ఉర్దూ మాటగా వచ్చును గాని అక్షరంగా రాదు. కనుక అక్షరం వచ్చిన భాషలోనే చెప్పుతున్నాము.

మాకు యిచ్చిన విషయము "కళా కార్యక్రమాలకు నిధులు". కార్యదర్శిగారు ఈ మాట చెప్పిన రోజే కమిటీలో ఒక పెద్దాయన నవ్వి, "మాస్టర్ సాబ్, స్కాలర్‌షిప్పులకే పైసలు చాలుతలేవు, ఆడపిల్లల పెండ్లిళ్లకు సాయం అడిగేటోళ్లు వాకిట్ల నిలబడ్డరు. ఇగ ఆటలకు పాటలకు యాడికెల్లి తెస్తం?" అన్నారు. ఆయన అన్నది తప్పు అని మేము అనలేము. ఆకలి ముందు, ఆట తరువాత. కాని ఆయన ప్రశ్నలోనే మా ప్రసంగమంతా వున్నది. ఆటకు పాటకు పైసలు స్కాలర్‌షిప్పుల పెట్టెలోనుంచి తీయవలసిన పని లేదు. వాటికి వేరే పెట్టెలున్నవి. ఆ పెట్టెలకు తాళంచెవి మన దగ్గర లేదు, అంతే. ఆ తాళంచెవి ఏమిటో చెప్పడానికి ముందు మేము చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలె.

గోదావరి ఒడ్డున, మన మంచిర్యాలకు దూరంకాని ఒక పల్లెలో ఒక ముసలాయన వుండేవాడు. ఇంటివాళ్లను అడగలేదు గనుక పేరు చెప్పము. ఆయన మన మతంవాడు కాదు. కాని పీరీల పండుగ పాటలు ఆయనకు వచ్చినన్ని మనలో ఎవరికీ రావు. చిన్నప్పుడు ఊరికి వచ్చే ఒక ఫకీరు దగ్గర నేర్చుకున్నాడట. అలావా చుట్టూ పదిమంది అడుగులు వేస్తుంటే, "అసైదూలా" అని ఒకరు అందుకుంటే, తెల్లవార్లూ ఒక్క పాట రెండోసారి పాడకుండా నడిపించేవాడు. అందులో సగం తెలుగు, సగం మన దక్కనీ. ఏ మాట ఎక్కడ మొదలై ఏ మాట ఎక్కడ ముగిసిందో చెప్పలేము.

ఈ పాటలను రికార్డు చేసి, మాటలు రాసి, చిన్న పుస్తకం వేయాలని మన సంఘంలోనే కొందరం అనుకున్నాము. నిధి కొరకు ఒక కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నాము. అక్కడి గుమాస్తాగారు మంచివారే. కూర్చోబెట్టి మూడు కాగితాలు అడిగారు. సంఘం రిజిస్ట్రేషను అమలులో వున్నట్లు కాగితం. మూడేళ్ల ఆడిట్ లెక్కలు. దర్పణ్ నంబరు. మా దగ్గర రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు వున్నది గాని, ఏటేటా పంపవలసిన కార్యవర్గం జాబితా నాలుగేళ్లుగా పంపలేదు. లెక్కలు వున్నవి గాని డైరీలో వున్నవి. దర్పణ్ అంటే ఏమిటో మాకు తెలియదు. "తెచ్చి ఇయ్యండి సార్, చూద్దాం" అన్నారు.

తెచ్చేసరికి సంవత్సరం మీద రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి పల్లెకు పోతే ముసలాయన మంచంలో కూర్చొని నవ్వుతూ, "మీరు కాయిదాలు తెచ్చుకొనేసరికి నా గొంతు పోతది సారూ" అన్నాడు. మేమూ నవ్వినాము. ఆ వానాకాలంలో ఆయన పోయాడు. ఇప్పుడు మా దగ్గర మిగిలింది ఒక ఫోనులో పదకొండు నిమిషాల పాట; అందులో మూడు నిమిషాలు కోడి కూత, పిల్లల గోల. తెల్లవార్లూ పాడగలిగిన మనిషి పదకొండు నిమిషాలకు మిగిలాడు.

ఇందులో ఆ కార్యాలయం తప్పు లేదు. తప్పు మాది. ఈ మాట అందరి ముందర చెప్పుకొంటే గాని మాకు మనసు కుదుటపడదు. ఇదే సంఘం, ఇదే కమిటీ మరొక ముసలాయన విషయంలో మళ్లీ అదే పొరపాటు చేయకూడదని ఈ ప్రసంగం.

మన ముందుతరాలవారికి గ్రాంటు అనే మాట తెలియకపోవచ్చును గాని, పని తెలుసు. మన తెలంగాణా పల్లెల్లో పాటగాళ్లు, కథకులు గాలిలో బతకలేదు. ఒగ్గుకథ చెప్పేవారికి గొల్ల కురుమలు, చిందు భాగోతం ఆడేవారికి మాదిగలు, మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారికి పద్మశాలీలు, ఈ విధంగా ఏ కులానికి ఆ కులం తమ కళాకారులను పోషించుకున్నది. ఏ ఊళ్లో ఏ కుటుంబం ఆడాలె, ఎంత తీసుకోవాలె అనేది హక్కు. దానిని మిరాశి అన్నారు. కొందరి దగ్గర ఆ హక్కు రాసి వున్న రాగిరేకులు కూడా వుండేవి. చూడండి, చదువురాని కళాకారుడు కూడా తన హక్కును కాగితం కన్న గట్టిదాని మీద రాయించి పెట్టుకున్నాడు! మనం చదువుకున్నవాళ్లమై డైరీలో రాసుకున్నాము.

మన ఆశూర్‌ఖానాల సంగతీ అంతే. కొన్నింటికి ఇనాం భూములుండేవి, లేని చోట ఊరంతా చందా వేసుకునేది. పీరీల పండుగకు చందా ఇచ్చేవాళ్లలో మనవాళ్లకన్న ఇతరులే ఎక్కువగా వున్న ఊళ్లు ఎన్నో ఈనాటికీ వున్నవి. కనుక కళకు డబ్బు అనేది కొత్త మాట కాదు, ఇంగ్లీషువారు నేర్పిన మాట కూడా కాదు.

ఆ తరువాత నగరాల్లో చదువుకున్నవారు ఇదే పనిని సంఘాల ద్వారా చేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. ప్రభుత్వ భాష ఉర్దూగా వున్న కాలంలో తెలుగువారు తమ భాష కొరకు తమ చేతి డబ్బుతో నిలబెట్టుకున్న సంస్థ అది. 1931లో డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపించారు. దక్కనీ రాతప్రతులు చెదలపాలు కాకుండా ఇల్లిల్లు తిరిగి సేకరించారు. 1938 నుంచి "సబ్‌రస్" పత్రిక నడిపారు. రెండు భాషలు, రెండు సంస్థలు, పద్ధతి ఒక్కటే. ముందు తమది వేశారు, తరువాత పదిమందిని అడిగారు, ప్రతి పైసకూ లెక్క రాశారు. అందుకే ఆ రెండు పేర్లు ఇప్పటికీ మన నోట వున్నవి.

సరే, పాత సంగతులు చాలు. ఈనాడు మనవంటి చిన్న సంఘానికి ఏ ఏ ద్వారాలున్నవో ఒక్కొక్కటి చెప్పుతాము. పిల్లలు రాసుకోవచ్చును.

మొదటిది మన రాష్ట్ర ఉర్దూ అకాడమీ. ఉర్దూలో పుస్తకం రాసుకొని అచ్చు వేయించుకొనే శక్తి లేనివారికి ముద్రణ ఖర్చులో కొంత భాగం ఇస్తుంది. మంచి ఉపాధ్యాయులకు, మంచి విద్యార్థులకు బహుమతులు ఇస్తుంది. మన ఊళ్లోనే షాయరీ రాసి నోటుబుక్కుల్లో పెట్టుకున్నవారు వున్నారు. వాళ్ల పిల్లలకు ఆ లిపి రాదు. ఆ పుస్తకాలు పాతసామాను అంగడికి పోకముందే మేలుకోవాలె.

రెండవది ఢిల్లీలోని ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి. 1996 నుంచి పని చేస్తున్నది. సెమినార్లకు, ముషాయిరాలకు, పుస్తక ముద్రణకు స్వచ్ఛంద సంఘాలకు సాయం చేసే పథకాలు దానికి వున్నవి. ఖత్తాతీ, అనగా అందమైన చేతిరాత నేర్పే కేంద్రాలను కూడా నడుపుతుంది. ఒకప్పుడు ఉర్దూ పత్రిక ప్రతి పేజీ కాతిబు చేతిరాతే. కంప్యూటరు వచ్చిన తరువాత ఆ చేతులకు పని పోయింది. కాని షాపు బోర్డుకు, పెండ్లి కార్డుకు, గోడమీది అలంకారానికి ఈనాటికీ ఆ చేయి కావాలె.

మూడవది కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ. నాటకం, సంగీతం, ప్రదర్శన, పరిశోధన వంటి వాటికి సంఘాలకు గ్రాంటు ఇచ్చే పథకం వున్నది. ఇది బాగా గమనించండి. సంఘం రిజిస్టరయి కనీసం మూడేళ్లు కావాలె. మొత్తం ఖర్చులో నూటికి డెబ్బయి అయిదు వంతులకు మించి ఇవ్వరు, మామూలుగా 5 లక్షల రూపాయలకు మించదు. మిగతా ఇరవై అయిదు వంతులు మనవే. ఇంకొక మాట, మతసంస్థలకు, బడులకు ఈ పథకం వర్తించదు. కనుక మసీదు కమిటీ పేరున పెట్టినా, మా బడి పేరున పెట్టినా అర్జీ తిరిగి వస్తుంది. పెట్టవలసింది మన సంఘం పేరున. అర్జీ ఎవరి పేరున పెట్టాలె అన్న చిన్న సంగతి తెలియక ఎన్ని మంచి పనులు మొదట్లోనే ఆగిపోతవో!

నాలుగవది సంఘానికి కాదు, మనిషికి. అరవై ఏళ్లు దాటి, ఏడాదికి 72 వేల రూపాయలకన్న తక్కువ ఆదాయం వున్న కళాకారులకు అదే మంత్రిత్వ శాఖ నెలకు గరిష్ఠంగా 6 వేల రూపాయల వరకు సాయం ఇచ్చే పథకం వున్నది. మా ముసలాయన బతికివున్న రోజుల్లో మాకు ఇది కూడా తెలియదు. పాటను రికార్డు చేద్దామన్న తొందరలో పాడేవాడు ఏం తింటున్నాడు అని మేము అడగనే లేదు.

అయిదవది మన ఊరి గనుల సంగతి. మంచిర్యాల జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది గాని, మన చుట్టుపక్కల బొగ్గు చరిత్ర అంతకంటే చాలా పాతది. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి గనులు లేని మన ఊరిని ఊహించలేము. సింగరేణి కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 వంతులు, కేంద్రానికి 49 వంతులు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నిర్ణీత స్థాయి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలెను. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్నది. ఆ డబ్బు దేనికి అంటే రోడ్లు, మంచినీళ్లు, వైద్యం అని అందరికీ తెలుసు. కాని ఆ చట్టం ఏడవ షెడ్యూలులో కళలు, సంస్కృతి, వారసత్వ కట్టడాల రక్షణ, ప్రజా గ్రంథాలయాలు, సంప్రదాయ కళలు, చేతిపనులు అని కూడా రాసి వున్నది. ఇది ఏ ఒక్క కంపెనీకి కాదు, ఆ చట్టం కిందికి వచ్చే ప్రతి కంపెనీకీ వర్తిస్తుంది. రోడ్డు అడిగేవాళ్లు వందమంది వుండగా, పాట అడిగేవాడు ఒక్కడూ పోకపోతే పాటకు పైసలు ఎట్లా వస్తవి?

అయితే అడగడానికి అర్హత కావాలె. కంపెనీల నుంచి ఈ నిధి తీసుకొని పని చేసే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు కావాలె, ఇన్నాళ్లూ 12ఎ, 80జి అని మనం పిలుచుకున్నవి ఇవే. 2021 ఏప్రిల్ నుంచి సి.ఎస్.ఆర్-1 అనే ఫారం కూడా నింపాలె. అటువంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలె. మూడేళ్ల అనుభవం కావాలంటే మూడేళ్ల కిందట మొదలుపెట్టి వుండాలె. మొదలుపెట్టలేదు గనుక ఈ సంవత్సరమే మొదలుపెట్టాలె. బడి లెక్క ఇది, ఎవరికైనా అర్థమవుతుంది.

ఆరవది గల్ఫు. మన ఇండ్లలో దుబాయి, దమ్మాం, దోహా పోనివాడు లేని ఇల్లు ఎన్ని? "చాచా, ఏమన్న పని వుంటే చెప్పుండ్రి, పంపిస్తం" అని వాళ్లు అడుగుతుంటారు. ఇక్కడ ఒక భయం వున్నది. విదేశీ డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలె. అది లేకుండా తీసుకొంటే చిక్కు. కాని భారత పాస్‌పోర్టు వున్న మనవాడు, తన సంపాదనలోనుంచి, బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం వస్తుంది. కనుక పంపినవారి పాస్‌పోర్టు నకలు, బ్యాంకు రసీదు ఫైలులో పెట్టుకోవలెను. హవాలా మాట ఎత్తవద్దు.

ఇవి కాక, మన పక్క రాష్ట్రం కర్ణాటకలో ఒక మంచి పని జరుగుతున్నది. 1993లో బెంగుళూరులో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ అక్కడి ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులకు కూడా గ్రాంటులు ఇచ్చింది. ఊరి కళను తరగతి గదిలోకి తెచ్చే పనికి ఆ డబ్బు. ఊళ్లో వున్న కళాకారుడు బడికి వస్తాడు, పిల్లలు ఆయన దగ్గర నేర్చుకుంటారు, మాస్టరు దాన్ని పాఠంతో కలుపుతాడు. ఇది చదివినప్పుడు మాకు ఈర్ష్య కలిగింది. మా బడి వరండాలో ఆ ముసలాయనను ఒక్కరోజైనా కూర్చోబెట్టలేకపోయాము కదా అని.

ఇప్పుడు అర్జీ ఎట్లా రాయాలె? మేము పిల్లలకు వ్యాసం రాయించినట్లే చెప్పుతాము. ఏం చేస్తాము, ఎవరు చేస్తారు, ఎవరికోసం, ఎక్కడ, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, అయిపోయిన తరువాత ఏం మిగులుతుంది. ఈ ఏడు ప్రశ్నలకు జవాబు ఒక్క పేజీలో రావాలె. "సంస్కృతి పరిరక్షణ, జాతి సమైక్యత" అని మూడు పేజీలు రాస్తే చదివేవారికి నిద్ర వస్తుంది. "మా మొహల్లా పిల్లలు 25 మంది, మూడు నెలలు, వారానికి రెండు రోజులు, ఒక నాటకం నేర్చుకొని నాలుగు ఊళ్లలో ఆడుతారు" అని రాస్తే వాళ్లు కళ్లు తెరిచి చూస్తారు.

ఉదాహరణకు ఆ నాటకానికే లెక్క వేద్దాము. నేర్పే ఉస్తాదుకు నెలకు 6,000 చొప్పున మూడు నెలలకు 18,000. ఢోలక్ వాయించే ఆయనకు నెలకు 4,000 చొప్పున 12,000. బట్టలకు, రంగులకు, తెరకు 9,000. మైకు, లైట్లు, షామియానా 12,000. పిల్లలకు నాస్తా, చాయ్ 6,000. ఫోటోలు, రికార్డింగు, కరపత్రాలు 3,000. మొత్తము 60,000. ఇందులో నూటికి డెబ్బయి అయిదు వంతులు అంటే 45,000 అడుగుతాము. మన వాటా 15,000. వంద ఇండ్లు తలా 150 రూపాయలు వేస్తే వచ్చేది సరిగ్గా 15,000. వంద ఇండ్లు, నూటయాభై రూపాయలు. ఒక్క పూట బిర్యానీ పొట్లాల ఖర్చు.

మన వాటా ఎందుకు అని కొందరు అడుగుతారు. ఇది మన దేశం ఒక్కదాని నియమం కాదు. అమెరికాలో 1965లో ఏర్పడిన జాతీయ కళల నిధి కూడా సాధారణంగా ఒక డాలరు తాను ఇస్తే ఒక డాలరు మీరు తెచ్చుకోండి అన్న పద్ధతిలోనే నడిచింది. దీని వెనుక ఆలోచన మంచిదే. ఊరివాళ్లే ఒక్క రూపాయి వేయని పనికి పైవాళ్లు ఎందుకు వేయాలె? నూటయాభై రూపాయలిచ్చిన ఇల్లు నాటకం చూడడానికి వస్తుంది, పిల్లవాణ్ణి పంపిస్తుంది, లెక్క అడుగుతుంది. లెక్క అడిగే ఇండ్లు వందైతే కమిటీ తప్పు చేయదు.

గ్రాంటు మంజూరయిన తరువాత అసలు పని మొదలవుతుంది. డబ్బు చాలాసార్లు ఒకేసారి రాదు; కొంత ముందు, మిగతాది లెక్కలు ఇచ్చినాక. వినియోగ ధ్రువపత్రం, అదే అందరూ యు.సి. అంటారు, ఆడిటరు సంతకంతో పంపవలెను. ఢోలక్ ఆయన "నాకు సంతకం ఎందుకు సాబ్, చేతుల పెట్టుండ్రి" అంటాడు. మొహమాటపడవద్దు. వోచరు మీద సంతకం, సంతకం రాకపోతే వేలిముద్ర తీసుకోవలెను. వీలైతే బ్యాంకు ఖాతాలోనే వేయవలెను. ఒక్క యు.సి. పంపకపోతే రెండోసారి ఆ ద్వారం తెరుచుకోదు. ఆ మచ్చ కమిటీ మారినా సంఘం పేరు మీద వుండిపోతుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పి ముగిస్తాము. జకాతు డబ్బును ఈ పనిలో ఒక్క పైస కూడా కలుపరాదు. దానికి హక్కుదారులు వేరే వున్నారు, ఆ విషయంలో వాదన అక్కరలేదు. కళల చందా వేరు, రసీదు బుక్కు వేరు, బ్యాంకు ఖాతా వేరుగా వుండవలెను. ఇట్లా చేస్తే ఆ పెద్దాయనకున్న అనుమానం కూడా తీరుతుంది.

రెండవ జాగ్రత్త, ఇచ్చేవాడి చేయి గురించి. బ్రిటనులో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ ఏర్పడినప్పుడు ఒక సూత్రం పెట్టుకున్నారు. డబ్బు సర్కారుది, కాని ఏ నాటకం ఆడాలె, ఏ పాట పాడాలె అన్నది మంత్రిగారు చెప్పరాదు. చేయి చాచినంత దూరంలో నిలబడాలె అని. మన దగ్గర దుకాణదారు అయిదు వేలు ఇచ్చి బ్యానరులో తన బొమ్మ అడుగుతాడు. పది వేలు ఇచ్చినాయన నాటకంలో తన పేరు అడుగుతాడు. ఎన్నికల సంవత్సరమైతే ఇక చెప్పనక్కరలేదు. బ్యానరు మీద ఒక మూల పేరు వేయవచ్చును, ధన్యవాదాలు చెప్పవచ్చును. నాటకం లోపలికి మాత్రం రానీయరాదు. ఆ పది వేలు వద్దనడానికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? వంద ఇండ్ల నూటయాభై రూపాయల నుంచి వస్తుంది.

మూడవది, గ్రాంటు వచ్చింది గదా అని లేని కళను పుట్టించరాదు. వున్నదానిని నిలబెట్టాలె. దర్పణ్ నంబరు వున్నంత మాత్రాన పాట రాదు.

మొదట్లో నవ్వి ప్రశ్న అడిగిన పెద్దాయనకు ఇప్పుడు జవాబు చెప్పుతాము. ఆకలికి, కళకు మధ్య అంత దూరం లేదు. మన పక్కనే నిర్మల్ వున్నది. పొనికి కర్రతో బొమ్మలు చేసే కుటుంబాలు 1955లో సహకార సంఘం పెట్టుకున్నవి. సంఘం అనే ఒక్క మాట వల్ల ఆ కళకు ఒక గోదాము, ఒక దుకాణం, ఒక సర్కారీ ఆర్డరు అడిగే నోరు వచ్చినవి. మన పాత ఆదిలాబాదు జిల్లాలోనే మార్లవాయి గ్రామం వున్నది. గుస్సాడి నృత్యం నేర్పిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన బతికివుండగానే ఎందరో పిల్లలకు నేర్పాడు గనుక నెమలి ఈకల టోపీ ఆయనతో పోలేదు. మా ముసలాయన పాట ఆయనతోనే పోయింది. ఈ రెండింటి మధ్య వున్న తేడా ప్రతిభలో లేదు. ఒకచోట నేర్చుకొనేవాళ్లను కూర్చోబెట్టారు, మేము కూర్చోబెట్టలేదు.

ఇంకొక మాట. మా తరగతిలో నోరు విప్పని పిల్లవాడు ఒకడున్నాడు. పాఠం చదవమంటే తల వంచుకుంటాడు. ఒకసారి బడి వార్షికోత్సవంలో చిన్న నాటకంలో పోస్టుమాను వేషం ఇచ్చాము. రెండే మాటలు. ఆ రెండు మాటలు చెప్పి చప్పట్లు విన్నాడు. మరునాటి నుంచి తరగతిలో చేయి ఎత్తడం మొదలుపెట్టాడు. స్కాలర్‌షిప్పు ఫారం నింపాలన్నా, ఇంటర్వ్యూకు పోవాలన్నా, మన పిల్లలకు ముందు ఆ చేయి లేవాలె గదా!

కనుక ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెట్టుతున్నాము.

ఒకటి, ఫైలు. పాత రోజుల్లో మన ప్రాంతంలో 1350 ఫస్లీ చట్టం కింద సంఘాలు రిజిస్టరయ్యేవి, ఇప్పుడు 2001 నాటి చట్టం. చట్టం ఏదైనా, ఏటేటా సర్వసభ్య సమావేశం కాగానే కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు పోవాలె, లెక్కలు ఆడిటరు దగ్గరికి పోవాలె. ఈ పనికి జీతం లేని ఒక కార్యకర్త కావాలె. వేరే ఎవరూ ముందుకు రాకపోతే మేమే చేస్తాము.

రెండు, పేర్ల పుస్తకం. మన మంచిర్యాలలో, చుట్టుపక్కల పల్లెల్లో పాట వచ్చినవాళ్లు, ఢోలక్, దఫ్ వాయించేవాళ్లు, ఖత్తాతీ చేసేవాళ్లు, కథలు చెప్పే నానమ్మలు, వాళ్ల పేరు, వయసు, ఊరు, ఏం వచ్చు అన్నది ఒక పుస్తకంలో రాయవలెను. ఏ కులం, ఏ మతం అన్న గడి ఆ పుస్తకంలో వుండదు. అరవై దాటినవాళ్ల పేర్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుతాము. వాళ్ల దగ్గరికి గ్రాంటు వచ్చేదాకా ఆగకుండా ముందే పోవలెను. ఫోను వున్న ప్రతి పిల్లవాడు ఒక గంట కూర్చొని రికార్డు చేయగలడు. కోడిని కాస్త దూరంగా తోలితే చాలు.

మూడు, వంద ఇండ్లు. ఈ రాత్రే చందా బుక్కు తెరుద్దాము. నాటకం పిల్లలది, మాటలు ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని, మన ఇండ్లలో మాట్లాడుకున్నట్లే.

ప్రసంగం ముగించి కిందికి దిగగానే ఆ పెద్దాయన మమ్ములను పిలిచారు. కోపం వచ్చిందేమోనని భయపడ్డాము. ఆయన జేబులోనుంచి మూడు వంద నోట్లు తీసి, "నాది నూటయాభై, నా కోడలు ఇంటిది నూటయాభై. రసీదు రాయుండ్రి మాస్టర్ సాబ్. రసీదు లేకుండ తీసుకోవద్దని మీరే చెప్పిన్రు" అన్నారు. మొదటి రెండు రసీదులు అట్లా తెగినవి. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి నలభై మూడు రసీదులు అయినవి. మిగిలినవి యాభై ఏడు. చదువుతున్న మీ ఇల్లు ఆ నలభై మూడులో వున్నదా, యాభై ఏడులో వున్నదా, ఒకసారి చూసుకొనగలరని మా మనవి.

ఖుదా హాఫిజ్. సెలవు.